భారతోపాఖ్యానములందలి సంతానేచ్ఛయు ముదిమియు

పుత్రులు లేనివానికి గతి లేదను మాట మన దేశమున నెంత ప్రాచీనమో యంత ప్రసిద్ధము. ఆ మాటకుఁ బ్రమాణము కావలసినప్పుడెల్లఁ బండితులు మహాభారతమును జూపుదురు. పితరులు గోతిలో వ్రేలాడుటను జూచి జరత్కారుఁడు పెండ్లియాడెను; సంతానము లేని కారణమున మందపాలుఁడు పరలోకమునుండి మరలి వచ్చెను; అగస్త్యుఁడంతటివాఁడును గృహస్థు కావలసివచ్చెను. ఈ మూఁడు కథలను వరుసగాఁ జెప్పి, బిడ్డలను గనుట మానవునకు విధియే గాని యిచ్ఛ కాదని భారతము నిర్ణయించినదని ముగించుట పరిపాటి. పాఠశాలలలో నుపాఖ్యానములను బోధించు తీరును దఱచుగా నిదియే. ఆ వాక్యములు భారతమున లేవని యెవ్వరు ననఁజాలరు. కాని యవి యెవరి నోట నున్నవి, ఏ వయసువానితోఁ జెప్పఁబడినవి, విన్నవాఁ డేమి చేసెను, పుట్టిన బిడ్డ యేమయ్యెను అని విచారించినచోఁ గథలు వేఱొక త్రోవను జూపును. బిడ్డ కావలెనా వలదా యనుటకంటె, ఆ బిడ్డ యెవరి యక్కఱకుఁ బుట్టుచున్నదను ప్రశ్నయే యీ కథలలోఁ బ్రధానమైనది. ముదిమి వచ్చినప్పు డా ప్రశ్నను దాఁచుటకు వీలుపడదు.

మొదట జరత్కారుని కథ. ఇది యాదిపర్వమున ఆస్తీకచరిత్రమునఁ గలదు. సంస్కృతమూలమున రెండు మాఱులు వచ్చును: ఒకమాఱు సంగ్రహముగను, మఱియొకమాఱు విపులముగను. నాయకుని పేరులోనే విషయ మంతయు నిమిడియున్నది. జర యనఁగా క్షయమనియు, కారు వనఁగా దారుణమనియు, దారుణమైన తన దేహమును దపస్సుచేతఁ గ్రమముగా క్షయింపఁజేసినవాఁడు గావున నాతని కా పేరు వచ్చినదనియు మూలమే చెప్పుచున్నది. జర యను శబ్దమునకు ముదిమి యను నర్థము లోకమునకెల్లఁ దెలిసినదే. ఆతఁడు పెండ్లియాడిన కన్యకును అదే పేరు. కథ మొదటినుండి తుదివఱకు ముదిమి నీడలోనే నడచును.

గోతిలోఁ దలక్రిందుగా వ్రేలాడు పితరులకు ఆధారము గడ్డిదుబ్బొకటి. దాని వేళ్ళ నొక యెలుక కొఱికివేయుచున్నది. ఒక్క వేరు మాత్రము మిగిలినది. అదియు సగము కొఱికినదే. దుబ్బు తమ వంశమనియు, తెగిన వేళ్ళు చనిపోయిన సంతతి యనియు, ఎలుక కాలమనియు, మిగిలిన వేరు జరత్కారుఁడనియుఁ బితరులే వివరింతురు. బోధకులు సాధారణముగా నిచ్చట నాఁగుదురు. కాని పితరుల మాటలో నింకొక సంగతి యున్నది. ఆ యెలుక మిగిలిన వేరును గూడఁ గొఱుకుచున్నది. కాలము తమ్ము మాత్రమే కాదు, తపస్సే సర్వమనుకొని తిరుగుచున్న యా వంశాంకురమును గూడ మెల్లమెల్లగాఁ దినుచున్నదని వారి తాత్పర్యము. ఇంతయుఁ జెప్పుచున్నవారికిఁ దమ యెదుట నిలిచి వినుచున్నవాఁడే జరత్కారుఁడని తెలియదు. అతఁ డెక్కడనైనఁ గనఁబడినచోఁ దమ దురవస్థను జెప్పుమని యాతనినే వేఁడుదురు. ముసలివాఁడగుచున్న తపస్వికిఁ దన ముదిమినిగూర్చి యితరులు చెప్పఁగా వినవలసివచ్చిన ఘట్టమిది.

ఎదుటివారు తన పితరులని యెఱుఁగకమునుపే యాతఁడు వారిని రక్షించుటకుఁ దన తపస్సులో నాలవపాలో, మూఁడవపాలో, సగమో, కాదేని యంతయునో యిచ్చెదననెను. తమకుఁ దపఃఫలము లేక కాదనియు, సంతతి లేకయే యిట్లు పడిపోవుచున్నామనియు వారు బదులు చెప్పిరి. తాను సంపాదించినదంతయు నీయ సిద్ధపడినవానిని వారు సంపాదన నడుగలేదు, వానినే యడిగిరి. ఈ కోరిక న్యాయమా కాదా యని కవి విచారింపలేదు. జరత్కారుఁ డంగీకరించెను. అంగీకరించిన తీరు మాత్రము విచిత్రము: కన్యకుఁ దన పేరే యుండవలెను, ఆమెను దనకు భిక్షగా నీయవలెను, ఆమెను దాను బోషింపఁడు. దొరకకుండుటకే యిన్ని నియమములు పెట్టినాఁడేమో యని తోఁచును. పిమ్మట నెంత తిరిగినను ముసలివాఁడని యెవ్వరును బిల్ల నియ్యలేదు. ప్రసంగవశమున నొకమాట: గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున (1897) లుబ్ధావధానులకుఁ బిల్ల నిచ్చుటకు అగ్నిహోత్రావధానులు ముదిమినిఁ జూచి వెనుదీయలేదు. జరత్కారుఁడు భిక్ష యడిగినాఁడు, లుబ్ధావధానులు వెల యిచ్చినాఁడు. భేద మంతయు నందే యున్నది.

తుద కడవిలో నిలిచి కన్యాభిక్ష వేఁడఁగా వాసుకి తన చెల్లెలిని దెచ్చి యిచ్చెను. వాసుకి యౌదార్యమునకును గారణము గలదు. తల్లి కద్రువ శాపముచేత సర్పయాగమున నశింపవలసిన నాగజాతిని జరత్కారుని కొడుకు రక్షించునని యాతఁ డెఱుఁగును. ఒకప్రక్కఁ బితరుల యక్కఱ, ఒకప్రక్క నాగుల యక్కఱ. నడుమ నా చెల్లెలి మాట యెవ్వరు నడుగలేదు. ఒకనాఁటి సాయంకాల మామె తొడపైఁ దలయుంచి భర్త నిద్రించుచుండఁగా సూర్యుఁ డస్తమింపఁబోయెను. లేపినచోఁ గోపము, లేపకున్న సంధ్యాలోపము. ధర్మలోపమే యెక్కువ కీడని యెంచి యామె లేపెను. తాను నిద్రించుచుండ నస్తమించుటకు సూర్యునికి శక్తి యున్నదా యని యాతఁడు కోపించి, ముందుచేసికొన్న నియమమునుబట్టి లేచిపోయెను. కడుపున బిడ్డ యున్నదా యని యామె యడిగినదానికి ఉన్నాఁడను నర్థమున నొక్కమాట చెప్పిపోయెను. ఆ మాటయే బిడ్డకుఁ బేరయ్యెను. తరువాత వాసుకి వచ్చి, యడుగరానిదైనను కార్యగౌరవముచేత నడుగుచున్నానని చెప్పి, గర్భముమాట చెల్లెలి నడిగెను. భర్త పోయిన యాఁడుదాని దుఃఖముకంటెఁ గడుపులోని శిశువే యాతనికి ముఖ్యము.

జరత్కారుఁడు కఠినుఁడే గాని కపటి కాఁడు. తాను పితరుల కొఱకే కనుచున్నాననియు, నిలువననియు ముందే చెప్పినవాఁడు. ఇష్టము లేని కార్యమును ఋణముగాఁ దీర్చినవాఁ డెట్లుండునో యట్లే యున్నాఁడు. ఆస్తీకుని పెంచినది నాగగృహము, మేనమామ, తల్లి. జనమేజయుని యాగమును మాన్పించి వేలకొలఁది ప్రాణులను గాచిన యా బాలుని జూచి తండ్రి సంతోషించిన ఘట్టము భారతమున లేదు.

ఇంతకంటె లోఁతైనది మందపాలుని కథ. ఖాండవదహనసమయమునఁ జెప్పఁబడిన యీ శార్ఙ్గకోపాఖ్యానమును జాలమంది పిల్లల కథవలెఁ జదివి విడిచిపెట్టుదురు. పక్షులు మాటలాడుటయే దానికిఁ గారణము కాఁబోలు. నిజమునకు భారతమున దాంపత్యమును, మాతృత్వమును, పితృత్వమును నింత నిర్దాక్షిణ్యముగాఁ బరీక్షించిన కథ మఱియొకటి కానరాదు.

మందపాలుఁడు బ్రహ్మచారిగాఁ దపస్సు చేసి దేహము విడిచి పరలోకమునకేఁగెను. అచ్చటఁ దన తపస్సునకు ఫలము కనఁబడలేదు. దేవతల నడుగఁగా, మానవుఁ డప్పులతోఁ బుట్టుననియు, నీవు యజ్ఞము, వేదాధ్యయనము అను రెండప్పులు తీర్చితివి గాని పితరుల యప్పు తీర్చలేదనియుఁ జెప్పిరి. జరత్కారునికి ముదిమిలోఁ దెలిసినది మందపాలునికి మరణానంతరమునఁ దెలిసినది. పిమ్మట నాతఁడు చేసిన యాలోచన చూడవలెను. ఏ జాతిలోఁ బుట్టినచో శీఘ్రముగను, విరివిగను సంతానము కలుగునని లెక్కవేసి, పక్షిజాతి యని నిశ్చయించి, శార్ఙ్గకపక్షియై పుట్టి, జరిత యను నాఁడుపక్షియందు నలుగురు కొడుకులను గని, వారింకను గ్రుడ్లలో నుండఁగనే విడిచి, లపిత యను వేఱొక పక్షివెంటఁ బోయెను. అప్పు తీఱినది; పత్రము చించివేసినట్లయ్యెను. పోవునప్పుడు మాత్రము, పెద్దవాఁడు జరితారి కులమును నిలుపుననియు, రెండవవాఁడు సారిసృక్వుఁడు సంతానము పెంపొందించుననియు, మూఁడవవాఁడు స్తంబమిత్రుఁడు తపస్సు చేయుననియు, నాలవవాఁడు ద్రోణుఁడు బ్రహ్మవేత్త యగుననియుఁ జెప్పిపోయెను. ఱెక్కలు రాని బిడ్డలకుఁ బనులు పంచిపెట్టి తండ్రి వెడలిపోయినాఁడని జరితయే మంటలయెదుట విలపించుచు జ్ఞప్తి చేసికొనును.

మంటలు సమీపించినవి. నలుగురి నెత్తుకొని యెగురలేదు. ఒకనిఁ గొని ముగ్గుర విడువలేదు. ఱెక్కలతోఁ గప్పి వారితో మాడిపోవలెనని తలఁచినది. ఎలుకబొక్కలో దూరుఁడు, మట్టి కప్పెదనని బ్రతిమాలినది. పిల్లలు వినలేదు. ఎలుక తినుట నింద్యమైన చావు, అగ్నిలోఁ బడుట మేలైన చావు అని వారి వాదము. ఎలుకను డేగ తన్నుకొనిపోయినదని తల్లి చెప్పినను, బొక్కలో నింకొకటి లేదని నమ్మకమేమని వారు ప్రశ్నించిరి. అటుపిమ్మట వారు తల్లితో ననిన మాటలు ఉపాఖ్యానమునకు హృదయము. మావలన నీకుఁ గలిగిన మేలేమి? మేమెవరమో నీ వెఱుఁగవు. నీ వెవతెవు, మే మెవరము? శ్రమపడి మమ్ముఁ బోషించుచున్నావు. నీవు వయసులో నున్నదానవు, చక్కనిదానవు. భర్తయొద్దకుఁ బొమ్ము, ఇంకను మంచి బిడ్డలు కలుగుదురు. మేము చచ్చినను నీకు సంతతి కలుగును. నీవు చచ్చినచోఁ గులమే తెగును.

ఈ మాటలు క్రూరములుగాఁ దోఁచవచ్చును. అవి తండ్రి లెక్కనే తల్లికిఁ జెప్పుచున్నవి. సంతానము కులము కొఱకైనచో నలుగురు పోయినను మఱి నలుగురు వత్తురు. తల్లి బ్రదుకుటయే లాభము. తర్కములో లోపము లేదు. జరిత యా తర్కము నొప్పి పోలేదు. పిల్లలు కదలనందున, దిక్కుతోఁచక, అగ్ని లేని చోటికిఁ బోయెను. పిల్లలు స్తుతింపఁగా నగ్ని వారిని విడిచెను. తిరిగివచ్చి యామె ఒక్కొక్కనినిఁ గౌఁగిలించుకొని యేడ్చెను. లెక్కలో నలుగురు నొక్కటియే. కౌఁగిటిలో నొక్కొక్కఁడు వేఱు. కవి యీ భేదమును జెప్పక చూపినాఁడు.

ఇంతలో మందపాలుఁ డేమి చేసెను? అడవి మండుట చూచి, తానే ముందుగా నగ్నిని స్తుతించి బిడ్డలకు నభయము పొందెను. అయినను మనసు నిలువక లపితయెదుట వగచెను. అభయము దొరకినది గదా, ఇఁక నీ చింత బిడ్డలకొఱకు గాదు, జరిత కొఱకే యని లపిత దెప్పెను. ఋణము తీర్చుటకై కన్నవాని మనసున ఋణమునకుఁ జెందని దేదియో పుట్టినది. దానిని లపితయు నమ్మలేదు, ఆతఁడును జెప్పుకొనఁజాలఁడు. తిరిగివచ్చినప్పుడు బిడ్డలు పలుకరింపలేదు. వీరిలోఁ బెద్దవాఁ డెవఁడు, తరువాతివాఁ డెవఁడు అని యాతఁ డడిగెను. తన బిడ్డలలో నెవఁడెవఁడో యెఱుఁగని తండ్రి యతఁడు. పెద్దవానితో నీకేమి పని, చిన్నవానితో నీకేమి పని, నన్నుఁ దక్కువదానిఁగా నెంచి యెవతెయొద్దకుఁ బోయితివో యామెయొద్దకే పొమ్మని జరిత యనెను. అప్పుడు మందపాలుఁడు స్త్రీల యీర్ష్యనుగూర్చియు, బిడ్డలు పుట్టినపిమ్మట భార్యలు భర్తల నాదరింపమిని గూర్చియు నుపన్యసించెను. చదువరుల కీ యుపన్యాసమునఁ గలుగు నభిప్రాయము మందపాలుని కనుకూలము కాదు. తుదకు బిడ్డలు దగ్గఱకు వచ్చిరి. కుటుంబ మా యడవి విడిచి పోయెను. దేవతలు చెప్పిన శాస్త్రము గెలిచినది. కాని గెలిచిన తీరు చూచినవాఁ డా శాస్త్రమునే ప్రమాణముగాఁ జూపి యూరకుండలేఁడు.

ముదిమిలోఁ గలిగిన సంతానమునుగూర్చి యరణ్యపర్వమున రోమశుఁడు ధర్మరాజునకుఁ జెప్పిన సోమకుని కథ యింకను భయంకరము. సోమకునకు నూర్గురు భార్యలు. ముసలితనమున నొకే కొడుకు, జంతుఁడు. ఒకనాఁ డా పసివానిఁ జీమ కుట్టెను. వాఁ డేడువఁగా నూర్గురు తల్లులు నేడ్చిరి. సభలోనున్న రాజు లేచి పరుగెత్తెను. పిమ్మట నాతఁడు మంత్రులతోడను ఋత్విజునితోడను, ఒక్క కొడుకు గలుగుటకంటె లేకుండుటయే మేలని పలికెను. ఇది పుత్రప్రేమయా, పుత్రభయమా? ఋత్విజుఁడు తరుణోపాయము చెప్పెను: జంతునిఁ బశువుగా వేల్చినచో, ఆ ధూమ మాఘ్రాణించిన తల్లులకు నూర్గురు పుట్టుదురు. రాజొప్పుకొనెను. తల్లులు కుడిచేయి పట్టి లాగుచుండ, ఋత్విజుఁ డెడమచేయి పట్టి లాగికొనెను. నూర్గురు పుట్టిరి. జంతుఁడును దన తల్లికే పెద్దకొడుకై మరల జన్మించెను. మూల మీచోట నొక్క వాక్యమున చెప్పినది గొప్పది: ఆ నూర్గురు తల్లులకును జంతుఁ డిష్టుఁడైనట్లు తమతమ కన్నబిడ్డ లిష్టులు కారైరి. రాజు కోరిన నూర్గురు వచ్చిరి. వారెవ్వరు నా యొక్కనికి బదులు గాలేదు. ఋత్విజుఁడు నరకమున వేఁగుచుండ, సోమకుఁ డా పాపము తనదని పట్టుపట్టి సమానముగా ననుభవించెను. రాజుయొక్క యీ పశ్చాత్తాపమును వ్యాఖ్యాతలు మెచ్చుకొందురు. జంతునిచేయి పట్టి లాగిన తల్లులను వారు తలఁపరు.

యయాతి కథ యందఱెఱిఁగినదే గావున విస్తరింపఁబని లేదు. కాని యొక్క విశేషము. శుక్రశాపమున ముసలివాఁడైన తండ్రి తన ముదిమిని దీసికొమ్మని యడుగఁగా నలుగురు కొడుకులు చెప్పిన కారణములు వృద్ధాప్యముపై భారతమున వెలసిన నిక్కమైన వర్ణనములు. నెరసిన గడ్డము, ముడుతలు, పరిచారకులకు లోకువయగుట యదువు చెప్పినవి. వృద్ధుఁ డేనుఁగునైన, గుఱ్ఱమునైన నెక్కలేఁడనియు, మాట తడఁబడుననియు ద్రుహ్యుఁడు. పసిపాపవలె వేళగానివేళ నశుచిగాఁ దినుననియు, వేళకు వేల్వఁజాలఁడనియు అనువు. ఇందొకటియు నసత్యము కాదు. నిజము పలికినందుకే వారు శపింపఁబడిరి. తుర్వసుని సంతతి నశించుననియు, అనువు సంతతి యౌవనము రాఁగనే చచ్చుననియు యయాతి శపించెను. వంశమునకై బిడ్డలు కావలెననుచుండెడి లోకమున, తన సుఖమున కడ్డువచ్చిన బిడ్డల వంశములనే తండ్రి కోసివేసెను. పూరువు మాత్రమిచ్చెను. వేయేండ్లు భోగించి, కోరిక భోగముచేతఁ జల్లాఱదని యయాతి కనుగొనినది సుభాషితమై వెలసినది. ఆ వేయేండ్లు ముసలివాఁడై కూర్చున్న పూరు వేమి కనుగొనెనో యెవ్వరు నడుగలేదు.

నన్నయగారి యాదిపర్వమున యయాతికథ పిమ్మటనే శకుంతలోపాఖ్యానము వచ్చును. దాక్షిణాత్యపాఠముల క్రమమిదియే. ఔత్తరాహపాఠములలో శకుంతల ముందు, యయాతి తరువాత. సుక్థంకరు సంపాదకత్వమునఁ బునాలోని భాండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థవారు 1933లోఁ బ్రకటించిన యాదిపర్వమునను నాక్రమమే యున్నది. వంశక్రమమునకు దాక్షిణాత్యక్రమ మనుకూలించుననుట స్పష్టము. రసదృష్టిచేతను దాని కొక ఫలము గలదు. కొడుకు యౌవనమును దినివేసిన తండ్రిని జూచిన తెలుఁగు చదువరి, వెంటనే కొడుకు నెఱుఁగననుచున్న తండ్రిని జూచును. ఆ సభలో శకుంతల చెప్పిన తారతమ్యము పాఠశాలల పిల్లలకును గంఠస్థము. నూఱు నూతులకంటె నొక బావి, నూఱు బావులకంటె నొక క్రతువు, నూఱు క్రతువులకంటె నొక కొడుకు మేలు. పుత్రమహిమకుఁ బ్రమాణముగా దీనిని జూపువారు తఱచుగా నిచ్చటనే యాఁగుదురు. శకుంతల యాఁగలేదు. నూర్గురు కొడుకులకంటె నొక సత్యవాక్యము మేలని ముగించెను. ఆమె ప్రశంసించుటకు లేచినది పుత్రుని గాదు, సత్యమును. పుత్రుఁ డా మెట్లలో నొక మెట్టు. తల్లి యైయుండి, బిడ్డను జేతఁ బట్టుకొని నిలిచి, యీ మాట యన్నది.

తల్లుల పక్షమున నింకొక రెండు చోట్లు తడవఁదగును. అగస్త్యుఁడును జరత్కారునివలెనే పితరుల జూచి పెండ్లికిఁ దలపడినవాఁడు. కాని వేయిమంది కొడుకులు కావలెనా, వేయిమందిని మించు నొక్కఁడు చాలునా యని యాతఁడు లోపాముద్ర నడిగెను. ఆమె యొక్కఁడు చాలుననెను. కుంతి మువ్వురు కొడుకుల పిమ్మట నింకను గావలెనన్న పాండురాజునకు, ఆపదయందైనను నాలవ ప్రసవమును బెద్దలు మెచ్చరని చెప్పి నిలిపివేసెను. ఈ రెండు ఘట్టములను బోధకులు త్వరగా దాఁటిపోవుట చింత్యము. ఎంతమంది, ఎంతవఱకు అను నిర్ణయము స్త్రీ నోట వెలువడిన తావులు భారతమున నివి.

ఈ విచారము గ్రంథములకే పరిమితము కాదు. జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము యైదవ విడత (2019-21) ప్రకార మాంధ్రప్రదేశమున స్త్రీ యొక్కతెకు సగటున సంతానము 1.7, తెలంగాణమున 1.8. ఇద్దఱికంటె నెక్కువ సంతానము గలవారు పంచాయతి యెన్నికలలో నిలువరాదని 1994 నాఁటి చట్టమునఁ జేరిన నియమమును ఆంధ్రప్రదేశ శాసనసభ 2024లోఁ దొలగించెను. తక్కువ కనుఁడన్న తరము ముగియకమునుపే, ముసలివారి సంఖ్య పెరుగుచున్నదను భయమున నెక్కువ కనుఁడను మాట వినవచ్చుచున్నది. రెంటను లెక్క యొకటియే; అది మందపాలుని లెక్క.

కొడుకులు ముదిమికి ఊఁతకోలయను మాటకు ధృతరాష్ట్రుని జూచినఁ జాలును. నూర్గురిని గన్నవాఁడు తుదిని పదునైదేండ్లు శత్రువులనుకొన్న తమ్ముని కొడుకుల యింటఁ దిని, భీముని యెత్తిపొడుపులు విని, యడవికిఁ బోయెను.

దీనికి సరిగా నెదురు నిలిచినవాఁడు భీష్ముఁడు. ఆతని బ్రహ్మచర్యమునకు మూలము తండ్రి ముదిమిలోని కోరిక. సత్యవతిని జూచివచ్చి వగచుచున్న శంతనుఁడు కొడుకుతో నిజము చెప్పలేదు. ఒక్క కొడుకు గలవాఁడు కొడుకు లేనివానితో సమానమని ధర్మవేత్తలందురు, నీకేమైనఁ గులమేమగునో యని వగచుచున్నానని చెప్పెను. సోమకుఁ డన్న మాటయే శంతనుఁడు ననెను. సోమకుఁడు భయముచేత, ఈతఁడు కామముచేత. వంశరక్షణమను మాట యొక్కటియే రెంటిని గప్పినది. దేవవ్రతుఁ డా మాట వెనుకనున్నదానిని వృద్ధామాత్యు నడిగి తెలిసికొని, రాజ్యమును సంతానమును రెంటిని విడిచెను. ఏ వంశము నిలుచుటకని యా త్యాగము జరిగినదో యా వంశము చిత్రాంగదుఁడు గంధర్వునిచేఁ జచ్చుటచేతను, విచిత్రవీర్యుఁడు క్షయచేఁ జచ్చుటచేతను నొక తరముననే తెగుటకు వచ్చెను. సంతానము కనుమని సత్యవతియే యప్పుడు భీష్మునిఁ బ్రార్థించెను. ఒప్పుకొనుటకు శాస్త్రమున్నది, తల్లి యాజ్ఞ యున్నది, కుల మడుగుచున్నది. ఆతఁడు సత్యము విడువననెను. శకుంతల సభలోఁ జెప్పిన తారతమ్యమున నూర్గురు కొడుకుల మెట్టును దాఁటి యీవలి మెట్టుపై నిలిచినవాఁ డీతఁ డొక్కఁడు. బిడ్డలు లేకయే కురువంశమున కంతటికిఁ దాతయై, ముదిమిలోఁ బాండవధార్తరాష్ట్రుల నిరువురను దన యొడిలోనివారినిగానే చూచుకొని, వారి యుద్ధముననే పడెను.

మాఘశుద్ధాష్టమినాఁడు భీష్మునకుఁ దర్పణ మిచ్చు నాచారము నేఁటికిని గలదు. ఆ తర్పణమంత్రమున నాతఁడు పుత్రులు లేనివాఁడనియే స్మరింపఁబడును. తండ్రి బ్రదికియున్నవాఁడు పితృతర్పణమున కధికారి కాఁడు. అయినను యమునకును, భీష్మునకును మాత్ర మట్టివాఁడును దర్పణము చేయవచ్చునని ధర్మశాస్త్రకారులు విధించియున్నారు.